ఊపిరికి కాపలా

భోజనాల బల్ల మీద నిన్నటి నుంచీ అన్నం గిన్నెలకు చోటు లేదు. ఒక పెట్టెలో పాప కాలికి తొడిగే మేజోడు, ఇంకో పెట్టెలో పరుపు కింద పెట్టే పలక, మూడోదాన్లో డైపరుకు తగిలించే క్లిప్పు. మూడూ పసిబిడ్డ ఊపిరిని కనిపెట్టి, అది ఆగితే మోగే మిషన్లే. మూడింటినీ పాప తండ్రి ప్రేమ్‌చందే తెప్పించాడు. ఒకటి ఉంచుకుని తక్కినవి తిరిగి పంపించేస్తాడట. ఆ ఒక్కటి ఏదన్నది తేలక తండ్రీకొడుకులు పొద్దున్నుంచీ వాదించుకుంటున్నారు.

పాపను గుంటూరు బ్రాడీపేట ఆసుపత్రి నుంచి రెండోసారి ఇంటికి తెచ్చుకున్నది మొన్ననే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. మొదటిసారి ఇంటికొచ్చిన కొద్దిరోజులకే, తల్లి జ్యోతిర్మయి ఒళ్లో పాలు తాగుతూ తాగుతూ ఊపిరి తీయడం మరిచిపోయింది. పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. అరికాలు గిల్లితే మళ్లీ ఏడ్చింది. ఆ రంగు జ్యోతిర్మయి కళ్లలోంచి ఇంకా పోలేదు. ఈ ఇంట్లో తక్కినవాళ్ల కళ్లకు అది అసలు ఆనిందో లేదో ఆమెకు అనుమానమే.

ప్రేమ్‌చంద్ ఫోన్లో చూసి చదువుతున్నాడు. మేజోడుకు కెమెరా కూడా ఇస్తారట. తను చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లులో కూర్చున్నా, పాప గుండె ఎంత కొట్టుకుంటోందో ఫోన్లో కనిపిస్తుందట. వాడినవాళ్లంతా అయిదు చుక్కలు ఇచ్చారట.

"పలకే మేలురా," అన్నాడు తండ్రి బుల్లయ్య వరండాలోంచి. నోట్లో చుట్ట తీయకుండానే అన్నాడు. "పిల్ల ఒంటికి ఏదీ తగలదు. చూసినోళ్లు పిల్లకేదో జబ్బనుకోరు."

ఆయన ఆ పలకను చేత్తో ముట్టుకోను కూడా లేదు. పెట్టె మీది బొమ్మ చూసి తేల్చేశాడు.

జ్యోతిర్మయి గుమ్మంలో పాపను భుజాన వేసుకుని నిలబడి మొగుణ్ణి చూసింది. పెళ్లికి ముందు ఈ మనిషి నెమ్మదస్తుడని ముచ్చటపడిన మాట నిజం. నెమ్మదికీ, ఏదీ పట్టనితనానికీ తేడా తెలియడానికి ఆమెకు ఒక బిడ్డ పుట్టవలసి వచ్చింది.

అటు వరండాకూ ఇటు గదికీ మధ్య హాలు. ఆ హాల్లో గోడ వెంబడి మిరపకాయలు కుక్కిన గోనె బస్తాలు, టిక్కీలు, నేల నుంచి కిటికీ పైదాకా. ధర పడిపోయిందని మిర్చి యార్డుకు తోలలేదు, కోల్డ్ స్టోరేజీలో చోటు దొరకలేదు. ధర లేచేదాకా ఇంట్లోనే ఉంటాయన్నాడు బుల్లయ్య. ఆ ఘాటుకు కొత్తవాళ్లు గుమ్మంలోనే తుమ్ముతారు. పురిటికి ముందే తీయించమని జ్యోతిర్మయి అడిగింది. వచ్చే వారం అన్నాడు. ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి అడిగింది. అప్పుడూ వచ్చే వారమే.

"మావయ్యా, ఆ టిక్కీలు ఎప్పుడు తీయిస్తారు?"

వరండాలో కుర్చీ కిర్రుమంది.

"మిషను కొంటున్నాం కదమ్మాయ్," అన్నాడు బుల్లయ్య.

"గాలి ఆడని ఇంట్లో మిషను ఏం చేస్తుంది?"

"జ్యోతీ, ఇప్పుడా గొడవెందుకు?" అన్నాడు ప్రేమ్‌చంద్, ఫోన్ మీంచి తల ఎత్తకుండా. "ముందు ఇది తేల్చనీ."

వంటింట్లోంచి అత్తగారు రాజ్యం తొంగిచూసి మళ్లీ లోపలికి పోయింది. ఆమె చేసేదల్లా అదే, తొంగిచూడటం. కోడలు అత్తగారిని అసహ్యించుకోలేదు. అసహ్యించుకోవాలన్నా ఎదురుగా ఒక మనిషంటూ కనబడాలి కదా.

*

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో డాక్టర్ సాజిదా బల్ల మీద ప్రేమ్‌చంద్ ఆ మూడు పెట్టెల్నీ వరసగా పేర్చాడు. యార్డులో కమిషన్ కొట్టు ముందు మచ్చు కాయలు పరిచినట్టే పరిచాడు. ఆవిడ మేజోడు తీసి, అటూ ఇటూ తిప్పి, మళ్లీ పెట్టెలో పడేసింది.

"ఇవి ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లిదండ్రుల్ని కంగారుపెట్టడానికి పనికొస్తాయి," అంది. "అంతకు మించి నేనైతే వీటి మీద భరోసా పెట్టను."

తర్వాత ఆవిడ తాపీగా చెప్పుకొచ్చింది. చాలామంది పిల్లలకు ఇంట్లో ఏ మిషనూ అక్కర్లేదు. నెలలు నిండకుండా పుట్టి, ఇంటికెళ్లాక కూడా ఊపిరి ఆగింది కాబట్టి ఈ పాపకు మాత్రం కొన్ని వారాలు ఉంటే మంచిది. కాకపోతే ఆసుపత్రి రకం కావాలి. ఛాతీకి మెత్తటి పట్టీ కడతారు, పట్టీ నుంచి ఒక తీగ, తీగ చివర చిన్న పెట్టె. ఊపిరి ఆగినా గుండె నెమ్మదించినా మోగుతుంది. పట్టీ జారినా మోగుతుంది, కాబట్టి విసుక్కోకూడదు. మోగినప్పుడు చూడవలసింది పెట్టెను కాదు, బిడ్డ ముఖాన్ని. అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు, తనే చెప్పి ఇప్పిస్తుంది.

"దానికి ఫోన్ కనెక్షన్ ఉంటుందా మేడమ్?" అని అడిగాడు ప్రేమ్‌చంద్.

"ఉండదు. అది మోగితే ఆ గదిలో ఉన్నవాళ్లు లేవాలి."

ప్రేమ్‌చంద్ ముఖం చిన్నబోయింది. బిడ్డ బతకడానికి ఏది పనికొస్తుందో చెబుతుంటే ఇతనికి ఫోన్ లేదని దిగులు. జ్యోతిర్మయి కిటికీలోంచి రోడ్డు మీది ఆటోల్ని చూసింది. అతని ముఖం చూడటం కన్నా అదే నయంగా ఉంది.

డాక్టరు పాపను చేతుల్లోకి తీసుకుని, చుట్టిన దుప్పటి విప్పబోయి, రెండుసార్లు తుమ్మింది.

"ఈ దుప్పటి ఎక్కడ ఉంచారు?"

మిరపకాయలు ఇంట్లోనే ఉన్నాయని జ్యోతిర్మయే చెప్పవలసి వచ్చింది. డాక్టరు ప్రేమ్‌చంద్ వైపు చూసింది. ఇంట్లో సిగరెట్ ఎవరైనా కాలుస్తారా అని తర్వాత అడిగింది.

"ఎవరూ కాల్చరండీ," అన్నాడు ప్రేమ్‌చంద్ వెంటనే.

జ్యోతిర్మయి అతని వైపు తిరిగింది. అబద్ధమాడినందుకు కాదు, ఇంత చవగ్గా ఆడినందుకు ఒళ్లు మండింది.

"చుట్ట," అంది. "వీళ్ల నాన్నగారు. రోజంతా."

సాజిదా కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "చూడండీ, మిషను ఊపిరిని లెక్కపెట్టగలదు, అంతే. ముందు ఆ పొగ ఆపండి, ఆ బస్తాలు తీయించండి. పాపను వెల్లకిలా పడుకోబెట్టండి, పక్కన దిండూ దుప్పటీ ఏమీ వద్దు. మిషను సంగతి ఆ తర్వాత."

పెట్టె మోగితే ఏం చేయాలో ఇంట్లో కనీసం ఇద్దరు నేర్చుకోవాలంది. ఊపిరి ఊదడం నేర్పడానికి పసిబిడ్డంత బొమ్మను తెప్పించింది. సరిగ్గా అప్పుడే ప్రేమ్‌చంద్ ఫోన్ మోగింది. మిల్లు నుంచి అని చెప్పి బయటికి నడిచాడు. ఆ ఫోన్‌కు అతనెంత రుణపడ్డాడో అతని నడకలోనే కనబడింది.

"నేను నేర్చుకుంటానండీ," అంది మూల కుర్చీలోంచి రాజ్యం.

అత్తగారు వెంట వచ్చిందన్న సంగతే కోడలు మరిచిపోయింది. రాజ్యం లేచి, కొంగు నడుముకు దోపి, బొమ్మ మీదికి వంగింది. అరికాలు గిల్లమంటే చేయి పట్టుకుంది. బొమ్మ నోటినీ ముక్కునూ కలిపి తన నోటితో మూసి ఊదమంటే పొయ్యి ఊదినట్టు ఊదింది. బుగ్గల్లో ఉన్న గాలి చాలనీ, రొమ్ములోంచి ఊదొద్దనీ డాక్టరు ఓపిగ్గా చెప్పింది. జ్యోతిర్మయికి సిగ్గేసింది. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే తను ఒక్కసారికే నేర్చుకుంది. ఈవిడ మాత్రం నర్సు వచ్చి బొమ్మను తీసుకెళ్లేదాకా వదల్లేదు. మళ్లీ ఒకసారి, ఇంకొకసారి అంటూ ఊదుతూనే ఉంది.

*

అద్దె మిషనుతో ఇంటికొచ్చాక ప్రేమ్‌చంద్ తండ్రికి డాక్టరు చెప్పినవన్నీ చెప్పాడు. వెల్లకిలా పడుకోబెట్టడం, దిండు తీసేయడం, పట్టీ తడవకుండా చూడటం. చుట్ట సంగతీ టిక్కీల సంగతీ మాత్రం రాలేదు.

"నాన్నకు నిదానంగా చెబుదాంలే," అన్నాడు గదిలో.

జ్యోతిర్మయి అతనికోసం ఆగలేదు. తిన్నగా వరండాలోకి వెళ్లి, డాక్టరు గారు చుట్ట మానమన్నారు మావయ్యా, టిక్కీలు తీయించమన్నారు అని, ఆ రెండు ముక్కలూ చెప్పి నిలబడింది.

బుల్లయ్య ఆమెను చూడలేదు. నెమ్మదిగా లేచాడు. వరండాలో ఉన్న పడక్కుర్చీని రెండు చేతులతో ఎత్తుకొచ్చి హాలు మధ్యలో, టిక్కీల పక్కన వేసుకున్నాడు. కూర్చుని, కొత్త చుట్ట తీసి వెలిగించాడు.

ప్రేమ్‌చంద్ లేచాడు. ఇప్పటికైనా నోరు విప్పుతాడేమోనని జ్యోతిర్మయి ఒక్క క్షణం ఆశపడింది. అతను వెళ్లి ఫ్యాను స్పీడు పెంచాడు. మిరప దుమ్మూ పొగా కలిసి గదివైపు తిరిగాయి.

రాజ్యం వచ్చి గది తలుపు వేసింది. తడిగుడ్డ తెచ్చి తలుపు కింద సందులో కుక్కింది. చప్పుడు లేకుండా వచ్చింది, చప్పుడు లేకుండా పోయింది. ఇన్నేళ్లు ఆయనతో కాపురం చేసి నేర్చుకున్న ధైర్యం ఈ తడిగుడ్డేనా అనుకుంది కోడలు. సందులో గుడ్డ పెట్టగలిగిన మనిషికి ఎదురుగా ఒక మాట అనడానికి ఏం వచ్చింది?

ఆ సాయంత్రం పట్టీ వదులై మిషను మోగింది. జ్యోతిర్మయి పరుగెత్తి చూస్తే పాప నిద్రలో నవ్వుతోంది. బుల్లయ్య హాల్లోంచే ఒకటి విసిరాడు.

"ఊరకుక్క కూడా ఇంత ఉత్తినే మొరగదు. ఆ డాక్టరమ్మకు దీనిమీద ఎంత ముడుతుందో."

"అందుకే మేజోడు తీసుకుందామన్నా," అన్నాడు కొడుకు.

ఇంకా ఆ పెట్టెలు తిప్పి పంపలేదు. భోజనాల బల్ల మీద అలాగే ఉన్నాయి.

*

మర్నాడు పొద్దున జ్యోతిర్మయి స్నానానికి వెళ్లింది. ఒంటి మీద నీళ్లు పోసుకుంటుండగా మిషను మోగింది. పట్టీ జారి ఉంటుంది, అత్తయ్య చూస్తుందిలే అనుకుంది. మోత ఆగలేదు. చేతిలో చెంబు జారవిడిచి, తడి ఒంటి మీదే బట్టలు చుట్టుకుని పరుగెత్తింది.

గదిలో ఉయ్యాల ఖాళీగా ఉంది. పట్టీ పరుపు మీద పడి ఉంది. పెట్టె ఒంటరిగా మోగుతోంది.

హాల్లో బుల్లయ్య కుర్చీలోంచి లేచి వచ్చి, స్విచ్చి కట్టేశాడు. ఆ నిశ్శబ్దం మోత కన్నా భయంకరంగా ఉంది.

"మీ అత్త ఎత్తుకుని బయటికి పోయింది," అన్నాడు. "పిచ్చెక్కినట్టుంది దానికి."

ఎదురింటి అరుగు మీద కూర్చుని ఉంది రాజ్యం. అది జక్రయ్య ఇల్లు. ఆటో నడుపుతాడు, ఆదివారం చర్చిలో గంట కొడతాడు. అతని భార్య ఒక చేత్తో రాజ్యం వీపు నిమురుతోంది. రాజ్యం ఒళ్లో పాప సన్నగా, తెగి తెగి ఏడుస్తోంది. పెదాలు ఎర్రగా ఉన్నాయి. జ్యోతిర్మయి ఆ ఎరుపును చూసి మెట్టు మీద కూలబడింది.

"మోగింది, చూశాను," అంది రాజ్యం. మామూలుగా పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పే గొంతుతోనే చెప్పింది. "కదల్లేదు. అరికాలు గిల్లాను. అప్పుడూ కదల్లేదు. బుగ్గల్లో గాలి ఊదాను. రెండోసారికి వచ్చింది."

కోడలు పాప పెదాల మీద వేలు ఆనించింది.

"ఆ ఇంట్లోకి నేను రాను జ్యోతీ. బస్తాలు పోవాలి, చుట్ట పోవాలి. అప్పటిదాకా బిడ్డనూ రానివ్వను."

జ్యోతిర్మయి డాక్టరుకు ఫోన్ చేసింది. వెంటనే తీసుకురమ్మంది సాజిదా. మిషను చేతికందితే కట్టుకుని రండి, అందకపోతే దానికోసం ఆగొద్దు, దారి పొడుగునా ఒకరి చెయ్యి ఛాతీ మీద ఉండాలి, కళ్లు ముఖం మీద ఉండాలి అంది.

పెరట్లో ఫోన్ మాట్లాడుతున్న ప్రేమ్‌చంద్ అప్పటికి బయటికొచ్చాడు. వీధిలో నలుగురు ఆగి చూస్తున్నారు. అతను తల్లి దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి అన్న మొదటి మాట ఇదీ.

"అమ్మా, అందరూ చూస్తున్నారు."

పాప ఎలా ఉందని అడగలేదు. జ్యోతిర్మయి లేచింది. పెళ్లయిన నాటి నుంచీ అతన్ని మీరు అనే పిలిచింది. ఆ మాట ఇప్పుడు నోటికి రాలేదు.

"మిషను తీసుకురా. కారు తియ్యి. వస్తావా, ఇక్కడే నిలబడి ఊళ్లోవాళ్లను లెక్కపెట్టుకుంటావా?"

ప్రేమ్‌చంద్ గేటు వైపు చూశాడు. గేటులో బుల్లయ్య నిలబడి ఉన్నాడు.

"రాజ్యం, లోపలికి రా," అన్నాడాయన.

రాజ్యం కదల్లేదు. పాప ఛాతీ మీద అరచెయ్యి పరిచి, ఆ చేతినే చూసుకుంటోంది.

"నిన్నే."

ఆమె తల ఎత్తలేదు. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు దారి అడిగితే పలకనట్టు ఊరుకుంది. బుల్లయ్య ముఖంలో కోపం వచ్చి ఉంటే జ్యోతిర్మయి ఆశ్చర్యపోయేది కాదు. కోపం రాలేదు. తను పిలిస్తే ఆ మనిషి రాకపోవడం అనేది ఒకటి ఉంటుందని ఆయనకు ఇంతవరకూ తెలిసినట్టు లేదు.

ప్రేమ్‌చంద్ తండ్రిని తప్పించుకుని లోపలికి వెళ్లాడు. వెనకే బుల్లయ్యా వెళ్లాడు. తలుపు పడింది.

జక్రయ్య అప్పటికే ఆటో తీసి అరుగు ముందు నిలిపాడు. ఆగుదామా అని కళ్లతోనే అడిగాడు. జ్యోతిర్మయి మూసిన తలుపును చూసింది. దాని వెనక వాదన జరుగుతోందో, బతిమాలుడు జరుగుతోందో, ఏ మిషను మంచిదో మళ్లీ తేల్చుకుంటున్నారో. ఆ తలుపు కోసం ఒక్క ఊపిరి కూడా ఖర్చుపెట్టదలచుకోలేదు.

"పోనివ్వండి," అంది.

*

ఆటో గుంటూరు వెళ్లే హైవే ఎక్కింది. పత్తి లారీల వెనక దూది పింజలు గాల్లో ఎగురుతుంటే రాజ్యం కొంగు అడ్డం పెట్టింది. జ్యోతిర్మయి పాప ముఖం మీంచి చూపు తిప్పలేదు. ముక్కుపుటాలు కదులుతున్నాయి. ఆగినట్టు అనిపించినప్పుడల్లా ఆమె అత్తగారి ముఖం చూసింది. చేతికింద తగులుతోందని ఆవిడ తల ఊపింది.

నిన్న ఆసుపత్రిలో ఈవిడను చూసి సిగ్గుపడిన సంగతి గుర్తొచ్చి జ్యోతిర్మయికి నోరు చేదైంది. ఏదో అనాలనుకుంది. అత్తయ్యా అని మాత్రం అనగలిగింది.

"ముఖం చూడు," అంది రాజ్యం. "నన్ను కాదు."

చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లులు దాటుతుండగా వెనక హారన్ మోగింది. ఆపకుండా మోగింది. జక్రయ్య అద్దంలో చూసి, మీ కారేనమ్మా అన్నాడు. కారు పక్కకు వచ్చింది. ప్రేమ్‌చంద్ నడుపుతున్నాడు. పక్క సీట్లో బుల్లయ్య. ఆయన ఒళ్లో మిషను, దాని తీగ మెడలో పడి ఉంది, పట్టీ ఛాతీ మీద వేలాడుతోంది. ఆపమని కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నాడు.

ఇవ్వడానికి వచ్చాడో, పెళ్లాన్ని లాక్కుపోవడానికి వచ్చాడో ఆ ముఖం చూస్తే తెలియలేదు.

"ఆపొద్దు జక్రయ్యా," అంది రాజ్యం.

జక్రయ్య వేగం తగ్గించకుండా జ్యోతిర్మయి వైపు అద్దంలో చూశాడు. గుంటూరు ఇంకా దూరం. పాప నుదుట చెమట పట్టింది. నిద్రపోతోందో నీరసించిందో చెప్పడం కష్టంగా ఉంది.

"ఆపండి," అంది జ్యోతిర్మయి. "పెట్టె తీసుకుందాం. మనుషులు వద్దు."

ఆటో రోడ్డు వారకు ఒరిగి ఆగింది. ఆమె దిగి చేతులు చాచి నిలబడింది. ముందు ఆగిన కారులోంచి బుల్లయ్య దిగాడు. మిషనును రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని, దుమ్ములో నెమ్మదిగా నడిచి వచ్చాడు. కోడలి దాకా వచ్చి ఆమె చాచిన చేతుల వైపు చూశాడు.

ఇవ్వలేదు. ఆమెను దాటుకుని, ఆటోలో కూర్చున్న రాజ్యం దగ్గరకు వెళ్లి, ఈసారి రమ్మని పిలవకుండా, మిషనును ఆమె ముందుకు చాచి నిలబడ్డాడు.